కరెంటు సంత

మేము ఒక నూలు మిల్లు ఆఫీసులో గుమాస్తాలము. బహువచనం చూసి పదిమంది ఉన్నారనుకోకండి, ఉన్నది మేమొక్కరమే. మెట్రిక్యులేషనుతో చదువు ఆగినది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం. ఇంగ్లీషు అర్జీలు మేనేజరుగారు చెప్పితే అక్షరం తప్పకుండా టైపు చేస్తాము. అర్థం రెండోసారి చదివితే కొంత, మూడోసారికి మరికొంత బోధపడుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా మా బల్లమీద ఉన్నది కరెంటు ఫైలు. "ఎవరి పనిలోని సంగతి వాళ్ళు వ్రాయండి" అని మన సంఘం పత్రికవారు అడిగినప్పుడు, మా ఇంటావిడ నవ్వి, "మీరేం వ్రాస్తారండీ, మీటరు రీడింగా?" అన్నది. మీటరు రీడింగే వ్రాస్తున్నాము. అయితే ఆ రీడింగు వెనుక మా ఇంటి గొడవ ఒకటి ఉన్నది. అది కూడా చెప్పక తప్పదు.

మన రాజపాళయంలో పుట్టిన పెద్దలకు కరెంటు వచ్చిన కథ తెలియనిది కాదు. మద్రాసు రాజధానిలో పైకారా నీటి కరెంటు 1932లో మొదలైనది, మెట్టూరుది 1937లో. మనకు దగ్గరగా తామ్రపర్ణి మీద పాపనాశం విద్యుత్తు కేంద్రం 1944లో వచ్చినది. పి. ఏ. సి. రామసామి రాజాగారు 1936లో మన ఊళ్ళో మొదటి నూలు మిల్లు స్థాపించిన తరువాత ఒకటి వెనుక ఒకటిగా మిల్లులు లేచినవి. ఆ మరలన్నీ తిరగడానికి కావలసినది దూది ఒకటే కాదు గదా! మా తాతగారు ఒక మాట అంటూ ఉండేవారట: "కరెంటు వచ్చినాక ఊళ్ళో రాత్రి పొట్టిదైపోయింది" అని. మూడో షిఫ్టుకు పోయినవాడి మాట అది, కవిత్వం కాదు.

అప్పట్లో కరెంటు అంటే సర్కారు. 1948 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికి ఒక విద్యుత్తు బోర్డు ఉండాలన్నారు. మద్రాసు బోర్డు 1957 జూలై 1న ఏర్పడింది, ఆంధ్ర బోర్డు 1959 ఏప్రిల్ 1న. పుట్టించేదీ బోర్డే, మోసుకువచ్చేదీ బోర్డే, ఇంటికి పంచి బిల్లు వసూలు చేసేదీ బోర్డే. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాలపైన విలాసం ఒకటే ఉండేది. 2010 నవంబరులో బోర్డును విడదీసి, పుట్టించి పంచేదానికి ఒక కంపెనీ, పెద్ద తీగలమీద మోసేదానికి ఒక కంపెనీ అన్నారు. 2024లో పంచే కంపెనీ వేరు, పుట్టించే కంపెనీ వేరు, ఎండ గాలుల కరెంటుకు మరొకటి వేరు అన్నారు. ప్రతిసారీ మేము రబ్బరు ముద్ర కొత్తది చేయించాము. ఊళ్ళో మాత్రం చిన్నపిల్లవాడి నుంచి ముసలమ్మ దాకా ఇప్పటికీ "ఈ.బి." అనే అంటారు. కరెంటు పోతే "ఈ.బి.కి ఫోను చెయ్యి" అంటారు గాని, "పంపిణీ కార్పొరేషనుకు" అన్నవాణ్ణి మేము చూడలేదు.

ఈ విడదీతలన్నీ ఎందుకని మేనేజరుగారిని ఒకసారి అడిగాము. "బజారు పెట్టడానికయ్యా" అన్నారు. అమ్మేవాడు, మోసేవాడు, కొనేవాడు ఒకడే అయితే బేరం ఎవరితో? విడివిడిగా ఉంటేనే ధర అనేది తేలుతుందట. ఒడిశావారు 1996లో దేశంలో మొదట ఈ దారి పట్టినారు. మన పూర్వీకుల దేశమైన ఆంధ్రలో 1998లో సంస్కరణ చట్టం చేసి, 1999 ఫిబ్రవరి 1 నుంచి బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండుగా చీల్చినారు. ధరలు నిర్ణయించడానికి మంత్రులు గాక వేరే కమిషను ఉండాలన్నారు. 2000లో ఆ కమిషను ధరలు పెంచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో ఊరేగింపు మీద పోలీసులు కాల్చినారు, ప్రాణాలు పోయినవి. ఆ వార్త మేము ఇక్కడ అరవ పత్రికలో చదివాము. కరెంటు బిల్లుకు మనుషులు చావడం ఏమిటని ఆశ్చర్యపోయిన వయసు మాది. 2004లో అక్కడ సర్కారు మారగానే సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. మన తమిళనాట అది అంతకు చాలా ముందే ఉన్నది. లెక్కలు వ్రాసే కమిషను ఒకవైపు, ఓట్లు అడిగే నాయకులు ఒకవైపు. మధ్యన తీగలమీద కాకి ఒకటి కూర్చుని చూస్తున్నది.

కరెంటు అనే సరుకు ఎటువంటిదో చెప్పకపోతే ఈ బజారు సంగతి బోధపడదు. బియ్యం గాదెలో పోసుకుంటాము, నూలు గోదాములో పెట్టుకుంటాము. కరెంటు ఉట్టిమీద పెట్టి దాచుకునేది కాదు. బ్యాటరీలు వచ్చినవి నిజమే గాని, రాష్ట్రమంతటికి చాలినవి ఇంకా రాలేదు. పుట్టిన క్షణానే వాడుకోవాలి, వాడిన క్షణానే పుట్టాలి. ఊరి చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. వంతు ప్రకారం నీళ్ళు పెట్టుకున్నంతసేపు అందరి మళ్ళూ తడుస్తవి. ఒకడు వంతు తప్పి గండి కొడితే చివరి మడివాడికి చుక్క రాదు. కరెంటు చెరువుకు మట్టం కొలిచే కర్ర ఒకటున్నది. దానిని ఫ్రీక్వెన్సీ అంటారు. సెకనుకు 50 సార్లు ఊగడం దాని ధర్మం. ఏ రాష్ట్రమో వంతుకు మించి లాగితే ఆ 50 కాస్తా తగ్గుతుంది. లాగనివాళ్ళ మరలు కూడా మందగిస్తవి. 2003 జనవరి నుంచి దక్షిణాదిలో ఒక పద్ధతి పెట్టినారు: మట్టం తగ్గి ఉన్న వేళ వంతు తప్పి లాగినవాడు ఎక్కువ ధర కట్టాలి, ఆ వేళ ఎక్కువ పుట్టించి ఇచ్చినవాడికి ఆ ధర దక్కుతుంది. చెరువు కాపలావాడు కర్ర పట్టుకుని తిరగనక్కరలేదు, బిల్లే కాపలా. మాకు ఇది చాలా తెలివైన ఏర్పాటుగా తోచింది. అదే ఏడాది వచ్చిన కొత్త విద్యుత్తు చట్టంలో, పెద్ద వినియోగదారుడు తన ఇష్టం వచ్చినవాడి దగ్గర కరెంటు కొనుక్కోవచ్చు, తీగలు గలవాడు కూలి పుచ్చుకుని దానిని మోసి ఇవ్వాలి అన్నారు. ఆ సంగతి మేము టైపు చేశాము గాని నమ్మలేదు.

నమ్మవలసిన రోజులు 2008లో వచ్చినవి.

ఆ ఏడాది చివర మిల్లులకు కోత పెట్టినారు. ఇదివరకు వాడినదాంట్లో నూటికి నలభై తగ్గించాలి. అదిగాక సాయంత్రం 6 నుంచి 10 దాకా దీపాలకు తప్ప మరలకు వాడరాదు. కోటా దాటితే దండుగ ధర. రింగు ఫ్రేములు ఆపడమంటే ఫ్యాను ఆపినట్లు కాదు. ఒక్కసారి ఆగితే వేలకొద్దీ కదుళ్ళమీద పోగులు తెగుతవి, మళ్ళీ అతికేసరికి ఆడపిల్లల వేళ్ళు అరిగిపోతవి. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకనాడు కోటా మారిందని మధ్యాహ్నం కబురు వచ్చినది. ఆ కాగితం షిఫ్టు మేస్త్రీగారికి అందించవలసినది మేము. మా పెద్దబ్బాయికి జ్వరమని ఇంటి నుంచి ఫోను వస్తే, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాము. మరలు మామూలుగానే తిరిగినవి. నెల చివర బిల్లులో పడిన దండుగ మా ఏడాది జీతానికి మించినది. మేనేజరుగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ కాగితాన్ని మా బల్ల అద్దం కింద పెట్టించినారు, అంతే. పదేళ్ళు అక్కడే ఉన్నది. తిట్టినా బాగుండేది.

కోత ఉన్నచోట బజారు పుడుతుంది. 2008 జూన్ 27న ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి అని కరెంటుకు ఒక సంత మొదలైనది. సంత అంటే మన పశువుల సంత వంటిది కాదు, తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే పని లేదు. రేపటికి కావలసిన కరెంటుకు ఇవాళ ఉదయమే చీటీ పంపాలి: ఫలానా వేళకు ఇన్ని యూనిట్లు, ఇంత ధర దాకా కొంటాము అని. అమ్మేవాళ్ళూ అట్లాగే పంపుతారు. అమ్మేవాళ్ళను చవక నుంచి ప్రియానికీ, కొనేవాళ్ళను ప్రియం నుంచి చవకకూ వరుసగా నిలబెడితే, రెండు వరుసలూ ఒకచోట కలుస్తవి. అదే ఆ వేళకు ధర. అంతకంటె చవకగా అడిగినవాడికి కరెంటు లేదు, అంతకంటె ప్రియం చెప్పినవాడికి అమ్మకం లేదు. కలిసినవాళ్ళందరికీ ఒకే ధర. మొదట గంటకొక ధర, 2012 నుంచి పావుగంటకొక ధర. అంటే రోజుకు 96 ధరలు! మన బజారులో టమాటాకు కూడా ఇన్ని లేవు. సాయంత్రానికి ఫలితం వస్తుంది, అర్ధరాత్రి నుంచి కరెంటు మన లెక్కలో పడుతుంది. చీటీ వ్రాసేది ఏజెంటు. అతనికి రోజూ లెక్క పంపేది మేము. జ్వరం వచ్చినా ఆ లెక్క పంపకుండా ఇంటికి పోయిన రోజు మళ్ళీ లేదు.

దీనికి తోడు గాలి ఉన్నది. మన పడమటి కొండల సందుల్లో, చెంగోట దిక్కున, ఆరల్వాయ్‌మొళి దిక్కున, వైశాఖం దాటగానే వీచే గాలికి మర తిప్పితే కరెంటు. మిల్లులవాళ్ళు మరలలో వాటాలు తీసుకున్నారు. చట్టం ప్రకారం నూటికి 26 వంతుల వాటా ఉండాలి, పుట్టినదాంట్లో 51 వంతులు వాటాదార్లే వాడుకోవాలి. అప్పుడది సొంత కరెంటు. గాలికాలంలో మిగిలినది బోర్డు దగ్గర ఖాతాలో వేసుకుని గాలి లేని నెలల్లో తీసుకోవచ్చు. ఉట్టిమీద దాచలేమన్న సరుకును పుస్తకంలో దాచడమన్నమాట. ఆషాఢ గాలికి కిటికీలు కొట్టుకుంటే ఊళ్ళోవాళ్ళు దుమ్మని తిట్టుకుంటారు. మేము మాత్రం ఎన్ని యూనిట్లని లెక్కపెట్టుకునేవాళ్ళము.

ఇక మా బావమరిది సంగతి.

అతనికి ఛత్రపట్టిలో ఎనిమిది మరమగ్గాలు ఉండేవి. ఛత్రపట్టి అంటే మీకు చెప్పనక్కరలేదు. దేశంలో ఆసుపత్రులకు పోయే కట్టుగుడ్డలో ఎంతో భాగం ఆ ఊరి మగ్గాలమీద నేసినదే. ఒక్కొక్క మగ్గానికి ఒక హార్స్‌పవరు మోటారు. 2006 నుంచి మరమగ్గాలకు రెండు నెలలకు 500 యూనిట్లు ఉచితమని సర్కారు ఇచ్చింది. 2012 వచ్చేసరికి ఉచితం ఉన్నది, కరెంటు లేదు. చెన్నపట్నంలో రెండు గంటలు తీస్తే, మన జిల్లాల్లో పన్నెండు గంటలు, కొన్నాళ్ళు పదహారు గంటలు కూడా తీసినారు. గంట ఉంటే గంట లేదు. మగ్గం ఆగి మొదలైనచోటల్లా గుడ్డలో గీత పడుతుంది. గీత పడిన గుడ్డను వ్యాపారి వెనక్కు నెడతాడు. నేతగాడికి కూలి మీటరు లెక్క. మీటరు లేకపోతే కూలి లేదు. అతని కూతురు, మా మేనకోడలు, ఆ ఏడు పదో తరగతి. రాత్రి దీపం ముందు చదువుకుని ముక్కు నల్లగా చేసుకుని బడికి పోయేది.

ఆ కార్తీకంలో ఒకనాడు అతను మా ఇంటికి వచ్చినాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగినాడు.

"బావా, మీ మిల్లువాళ్ళు కరెంటు కొట్లో బెల్లం కొన్నట్లు కొంటారట గదా. నాకూ నాలుగు యూనిట్లు కొనిపెట్టరాదూ? డబ్బు ఇస్తాను."

మేము నవ్వినాము. చెడ్డ నవ్వు కాదు. తెలిసినవాడు తెలియనివాణ్ణి చూసి నవ్వే నవ్వు. అదే చెడ్డదని ఇప్పుడు తెలుస్తున్నది. "అబ్బాయీ, ఆ సంతలో అడుగు పెట్టాలంటే ఒక మెగావాటు ఉండాలి. నీ మగ్గాల లెక్కన పదమూడు వందల మగ్గాలు పైగా కావాలి" అని చెప్పినాము. లెక్క సరిగ్గానే చెప్పినాము.

అతను కాసేపు మాట్లాడలేదు. "అంటే మూట కొనేవాడికే అంగడి, సోలెడు కొనేవాడికి చీకటి" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయినాడు. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉన్నది. ఆవిడ మమ్మల్ని చూసిన చూపు కూడా బల్ల అద్దం కింద పెట్టవలసినదే.

సంక్రాంతికి అతను రాలేదు. నాలుగు మగ్గాలు ఇనుప ధరకు అమ్మినాడని తెలిసింది. తరువాత తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీలో పనికి పోయినాడు. అత్తగారు మాత్రం రాకపోకలు మానలేదు, ఆవిడకు ఇద్దరూ కావాలి గదా. కొడుకు సంగతి మా ముందు ఎత్తేది కాదు.

ఆ ఏడే జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్డు కూలిపోయి, ప్రపంచంలో ఎన్నడూ లేనంత పెద్ద చీకటి పడినది. రెండోరోజున దాదాపు అరవై కోట్లమంది ఉన్న ప్రాంతాలు ఆగిపోయినవి. అప్పుడు దక్షిణాది గ్రిడ్డు ఉత్తరాదితో నేరుగా కలిసి లేదు, కొన్ని ప్రత్యేకమైన లైన్లతో మాత్రమే అంటుకుని ఉన్నది గనుక మనకు ఏమీ కాలేదు. ఢిల్లీలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేసి, "మీకు కరెంటు ఉన్నదా?" అని అడిగినాడు. "ఇప్పుడు మా వంతు కాదు, మూడింటికి వస్తుంది" అన్నాము.

కాని విడిగా ఉండడానికి ఇంకో ముఖం కూడా ఉన్నది. సంతలో ఉత్తరాదిన కరెంటు చవకగా దొరికే రోజుల్లో కూడా, దాన్ని ఇటు మోసుకురావడానికి దారి ఇరుకు. బండ్లు రాని సంతలో ధర ఏమవుతుంది? అక్కడ యూనిటు మూడు రూపాయలంటే ఇక్కడ దానికి రెట్టింపు దాటిన రోజులు మా లెక్కపుస్తకంలో ఎన్నో ఉన్నవి. పేరుకు దేశమంతా ఒకే బజారు, దక్షిణాది మాత్రం గోడ అవతల. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి షోలాపూరుకు 765 కిలోవోల్టుల లైను వేసి రెండు గ్రిడ్లనూ కలిపినారు. "ఒకే దేశం, ఒకే గ్రిడ్డు" అని పెద్ద అక్షరాల్లో వ్రాసినారు. మా పుస్తకంలో మాత్రం ధర ఆ మరునాడే దిగలేదు. ఇంకా లైన్లు పడి, కూడంకుళం వచ్చి, కొత్త బొగ్గు కేంద్రాలు వచ్చిన తరువాత మెల్లగా దిగినది. మిల్లుల కోత 2015లో పూర్తిగా ఎత్తేసినారు. ఆనాడు మేనేజరుగారు ఆఫీసంతటికీ మైసూరుపాకు పంచినారు. మేము మా వంతు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చినాము, తినబుద్ధి కాలేదు.

బజారు మంచిదా చెడ్డదా అని కుర్రవాళ్ళు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మా మటుకు మాకు ఆ బజారు అన్నం పెట్టినది. ఆ సంతే లేకపోతే 2012లో మా మిల్లులో మూడో షిఫ్టు ఉండేది కాదు, వందమందికి పని ఉండేది కాదు. కాని సంతకు కాపలా లేకపోతే ఏమవుతుందో కూడా చూశాము. 2022 మార్చి ఎండలకు యూనిటు ధర 20 రూపాయల హద్దును తాకింది. ఢిల్లీలోని కేంద్ర కమిషను ఏప్రిల్లో 12 రూపాయలకు మించరాదని గట్టు వేసింది, మరుసటి ఏడు దాన్ని 10కి దించింది. అమ్మేవాళ్ళు గోల పెట్టినారు. గట్టు వేస్తే బొగ్గు కొనలేమన్నారు. వాళ్ళ మాటలో అబద్ధం లేదు. చీకట్లో కూర్చున్నవాడి మాటలోనూ లేదు.

ఆ 2022లోనే మా ఇంటి గొడవకు మందు దొరికింది, అది కూడా కమిషను పుణ్యాన. బోర్డు నష్టాలు పోగై లక్ష కోట్ల రూపాయలు దాటినవి. ఎనిమిదేళ్ళుగా పెంచని ధరలు పెంచుతామని బోర్డువారు అడిగినారు. పెంచేముందు రాష్ట్ర కమిషను జనం మాట వినాలి, అది చట్టం. ఆగస్టులో కోయంబత్తూరు, మదురై, చెన్నపట్నంలలో విచారణ పెట్టినారు. మా మిల్లు తరఫు అర్జీ టైపు చేసినది మేమే, మదురైకి మోసుకుపోయినదీ మేమే. అందులో ముఖ్యమైన మాట ఇది: ఇళ్ళకూ చిన్న కనెక్షన్లకూ అయ్యే ఖర్చుకంటె తక్కువ ధర పెట్టి, ఆ లోటు మిల్లులమీద ఎక్కువ ధరగా వేయడం అన్యాయం, ఎవరి ఖర్చు వారే భరించాలి. ఉచిత యూనిట్ల డబ్బు సర్కారు బోర్డుకు కడుతుంది గాని, ఈ లోటు మాత్రం ఒక బిల్లులోంచి ఇంకో బిల్లులోకి పోతుంది. ఇంగ్లీషులో టైపు చేసేటప్పుడు అది న్యాయంగానే తోచింది.

హాలు నిండా జనం. రైతులు, ఇళ్ళవాళ్ళు, వృద్ధులు, ఐస్ ఫ్యాక్టరీలవాళ్ళు. ఒక ముసలాయన లేచి తన ఇంటి బిల్లు ఒక్కొక్క వరుసా చదివినాడు, ఆఖరు దాకా. కమిషనువారు అడ్డుపడకుండా విన్నారు. మాకు చాలా సంతోషమైనది. ఎవరి మాటకు ఏ ఫలితం వచ్చిందో దేవుడికి తెలుసు గాని, బిల్లు కట్టేవాడు నిలబడి మాట్లాడుతుంటే ధర వేసేవాడు కూర్చుని వినడం మా చిన్ననాడు లేదు. మరమగ్గాల వాళ్ళ వంతు వచ్చినది. పదిమంది గుంపుగా లేచినారు. ఆ వెనుక వరుసలో, తెల్లచొక్కా వేసుకుని, నెత్తి కాస్త నెరిసి, మా బావమరిది.

తిరుప్పూరు నుంచి తిరిగివచ్చి, మిగిలిన నాలుగు మగ్గాలూ మళ్ళీ తిప్పుతున్నాడని అత్తగారి ద్వారా విన్నాము గాని చూడలేదు. వాళ్ళ తరఫున మాట్లాడినాయన, ధర పెరిగితే మగ్గాలు మూతపడతవని చెప్పినాడు. తరువాత మా వంతు. మేము అర్జీ ఇచ్చి, రెండు మాటలు చెప్పి కూర్చోవాలి. ఎవరి ఖర్చు వారే భరించాలనే వాక్యం దగ్గరకు వచ్చేసరికి వెనుక వరుస వైపు చూడలేకపోయినాము. ఆ వాక్యం చదవకుండా, "మిగతాది అర్జీలో ఉన్నది" అని కాగితం ఇచ్చి వచ్చినాము. ధైర్యమో పిరికితనమో మాకే తెలియలేదు. అర్జీలో ఉండనే ఉన్నది గదా.

బయట టీ అంగడి దగ్గర అతనే వచ్చి పక్కన నిలబడినాడు.

"బావా, నా మగ్గాలు కూడా మీ మిల్లు నూలే నేస్తున్నవి" అన్నాడు.

"తెలుసు" అన్నాము. నిజానికి తెలియదు.

"మీ అర్జీ గెలిస్తే నా బిల్లు పెరుగుతుంది, నా అర్జీ గెలిస్తే మీది పెరుగుతుంది, అంతేనా?"

"అంతే" అన్నాము.

"మరి ఇద్దరివీ పెరిగితే?" అని నవ్వినాడు. పదేళ్ళ తరువాత విన్న నవ్వు అది. ఆనాటి మా నవ్వుకు క్షమించమని అడగడానికి నోరు తెరిచేసరికి అతను టీ డబ్బులు ఇచ్చేసినాడు. ఒకే బస్సులో రాజపాళయం వచ్చినాము. దారంతా మేనకోడలి సంగతులే. ఆ అమ్మాయి మదురైలో ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ నాన్న నేసిన గుడ్డే కడుతుందేమో అని అతను అన్నాడు.

సెప్టెంబరు 10 నుంచి ఇద్దరి బిల్లులూ పెరిగినవి. మరుసటి మార్చి నుంచి మరమగ్గాలకు, అంతకుముందు 750 ఉన్న ఉచిత యూనిట్లను 1000 చేసినారు. అప్పటి నుంచి అతను రెండు నెలలకొకసారి బిల్లు పట్టుకుని మా ఇంటికి వస్తాడు. మేము వరుసగా చదివి చెబుతాము. ఒకసారి లెక్కలో తప్పు కూడా పట్టినాము. సరిచేయించడానికి మూడుసార్లు తిరిగినాడు.

పోయినసారి వచ్చినప్పుడు కొత్త ప్రశ్న ఒకటి వేసినాడు. ఆఫీసు పని మీద ఫోనులో సంత ధరలు చూస్తూ ఉన్నాము. అతను పక్కన చేరి ఆ 96 వరుసలూ వేలితో జరిపి చూసినాడు. "ఇదేమిటి బావా, మిట్టమధ్యాహ్నం ఇంత చవక, దీపాలు పెట్టే వేళకు ఇంత ప్రియం?" అన్నాడు. ఎండ కరెంటు సంగతి చెప్పినాము. దేశమంతటా పలకలు పరిచినారు, పన్నెండింటికి కరెంటు పొంగి పొర్లుతుంది, పొద్దు వాలగానే ఇంకిపోతుంది. అందుకని ధర సూర్యుడితోపాటు పడుకుని లేస్తుంది, కాకపోతే తలకిందులుగా.

"నా మగ్గాలు తిరిగేది పగలే గదా. మరి నా బిల్లులో పగలూ రాత్రీ ఒకే ధర వేస్తారేం?"

ఈసారి మేము నవ్వలేదు. 2023లో కేంద్రంవారు నియమాలు మార్చిన సంగతి చెప్పినాము: ఎండవేళ కరెంటుకు నూటికి ఇరవై తగ్గించి, సాయంత్రానికి ఎక్కువ వేయాలి, 10 కిలోవాట్లు దాటిన పరిశ్రమలకు 2024 ఏప్రిల్ నుంచి, సేద్యం తప్ప తక్కినవాళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి, అయితే వేళను గుర్తుపట్టే కొత్త మీటరు ఉండాలి. అతని మగ్గాలు నాలుగూ కలిసినా మూడు కిలోవాట్లు. షెడ్డులో గోడకున్నది పాత మీటరే, దానికి పగలూ రాత్రీ తెలియదు.

"కొత్త మీటరు వస్తే ఎవరికి లాభం? నాకా, వాళ్ళకా?"

పగలు మాత్రమే నేస్తే నీకే కావచ్చు, రాత్రి పూట ఆర్డరు పడితే వాళ్ళకు అని చెప్పి, కాగితం తీసి గత మూడు బిల్లుల యూనిట్లు వేసినాము. పగలెంత, దీపాలవేళ ఎంత అని అడిగితే అతను తెల్లబోయినాడు. ఎవరు వ్రాసి పెట్టుకున్నారు? పదిహేను రోజులపాటు పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ, రాత్రి పదింటికీ మీటరు అంకె వ్రాయమని ఒక పాత డైరీ ఇచ్చినాము. అతను డైరీ చంకలో పెట్టుకుని లేచినాడు.

"ఆదివారం మధ్యాహ్నం అంకెలు తెస్తాను బావా" అన్నాడు.

"మధ్యాహ్నమే రా, భోంచేసి పోదువు గాని" అని లోపలి నుంచి మా ఇంటావిడ కేక వేసింది.